తెల్లరంగు సీసా

ప్రింటర్‌లో నాలుగు సీసాలుంటాయి.
నలుపు, పసుపు, నీలం, ఇంకోటి వంకాయా కాని గులాబీ కాని రంగు.
తెలుపు లేదు.
ఆ సంగతి తెలుసుకోడానికి నాకు
పదకొండు వందల రూపాయల కాయితం పట్టింది.

మాది నర్సాపురం పక్కన, కాలవ గట్టు.
లేసు కుట్టేవాళ్ళం ముప్పై రెండు మందిమి.
నమూనాలు పట్టుకెళ్ళిన కంపెనీ ఆయన తిరిగివ్వడు,
అడిగితే "ఎక్కడో ఉంటాయిలేమ్మా" అంటాడు.
ఇకమీదట బొమ్మలే ఇద్దామనుకుని
జట్టు డబ్బుతో వీరవాసరంలో
మూతపడిన జిరాక్సు కొట్టువాడి ప్రింటర్ కొన్నాం.
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను బస్సులో,
టిక్కెట్టు అడగలేదు దానికి.

స్టీమర్ రోడ్డులో ఏసుపాదం గారి కొట్టు.
"నూట ఎనభై జీఎస్సెమ్మండి, అద్దంలా మెరుస్తాది,
ఇరవై కాయితాలు రెండొందల అరవై."
అంటే ఒకటి పదమూడు.
రెండు రోజులు కూర్చుని ఒక పువ్వు కుడితే నాకు పద్దెనిమిది.
పువ్వుకి పద్దెనిమిది, పువ్వు బొమ్మకి పదమూడు.
ఈ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పాలకొల్లులో ఏడుకే దొరికింది.
శ్రావణం అది. గాలిని పిండితే నీళ్ళొచ్చే రోజులు.
అచ్చు దిగిన కాయితం
నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుంది.
మూడు రోజులైనా సిరా ఆరలేదు,
నా బొటనవేలి ముద్రతో సహా బొమ్మ.
మిగిలిన కట్ట తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాస్తే
మా అత్త మూత తీసి చూసి
"రేపు ఎసట్లో ఇదేనా?" అంది.

భీమవరం హోల్‌సేలు. వంద కాయితాలు నాలుగొందల యాభై.
రైల్లో వస్తూ మూడుసార్లు కట్ట విప్పి వాసన చూశాను.
ఇంటికొచ్చి అచ్చేస్తే
కాంతమ్మ ఎగాదిగా చూసి,
"ఇంత నీలిమందు ఎవత్తి పెట్టిందే లేసుకి?"

అప్పుడు తట్టింది.
నల్లగుడ్డ మీద పరిచి కదా ఫోటో తీస్తాను,
యంత్రం అచ్చేసేది గుడ్డనే.
లేసుని అది ముట్టుకోదు.
లేసున్న చోట కాయితాన్ని వదిలేసి పోతుంది.
నీలి కాయితమైతే నీలి లేసు, పాలిపోతే పాలిపోయిన లేసు.
మేం కన్నం చుట్టూ దారం తిప్పుతాం.
అది దారం చుట్టూ సిరా తిప్పుతుంది.
ఇద్దరం ఒకే పని చేస్తున్నాం, తిరగేసి.

నల్లసీసా తొందరగా ఎందుకు ఖాళీ అవుతోందో కూడా
అప్పుడే అర్థమైంది. గుడ్డ మార్చాను.
నా పాత ఆకుపచ్చ లంగా.

చివరికి కాయితం దొరికింది కాయితాల కొట్లో కాదు.
శుభలేఖలు అచ్చేసే సత్తెబాబు ప్రెస్సులో,
కోత మిషను కింద, గోనెసంచిలో.
దళసరి అట్టముక్కలు, మెరుపు లేనివి,
ఉతక్క ముందు దారం ఉండే రంగువి.
"కిలో నలభై ఇవ్వమ్మా, పొయ్యిలోకా?"
కాదన్నాను. ఏమిటో చెప్పలేదు.
చెబితే అరవై అంటాడు.

సిరా కొంచెం పాకుతుంది, అబద్ధమెందుకు.
సన్న గొలుసులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.
నెమలిపింఛం లాంటి వాటికి
పదమూడు రూపాయలవి ఆరు దాచుకున్నాను.
మిగతావన్నీ అట్ట మీదే.

నిన్న రూతమ్మ గారు వచ్చారు. డెబ్బై తొమ్మిది.
తన బల్లగుడ్డ బొమ్మని గుమ్మంలో వెలుగుకి పట్టుకుని
పెదాలు కదుపుతూ కూర్చున్నారు చాలాసేపు.
ప్రార్థన అనుకున్నాను. లెక్కపెడుతున్నారు.
"నాలుగో వరసలో ఒక గొలుసు తప్పాను.
చేతిలో ఉన్నప్పుడు కనపళ్ళేదే."
సంచిలోంచి అసలుది తీసి
కొస పట్టుకుని లాగడం మొదలెట్టారు.
పదహారు రోజుల పని
గోడకి ఆనుకుని కాఫీ తాగేలోగా ఉండ అయిపోయింది.
"మళ్ళీ కుట్టాక తీద్దువుగాని ఫోటో. ఇది పారెయ్."

పారెయ్యలేదు.
ఆ బల్లగుడ్డ ఇప్పుడు ఆ అట్టముక్క మీదే ఉంది,
తప్పిన గొలుసుతో.
బియ్యం డబ్బా వెనక నిలబెట్టాను.

సోమవారం పాలకొల్లు వెళ్ళాలి. కిలోన్నర చాలు.
చినిగిన చీర కట్టుకెళ్ళాలి,
పొయ్యిలోకే అనుకుంటాడు.