కాటా ముల్లు

రివేరా ఊరి పందెపు మైదానంలో
ఇరవై రెండేళ్ళు జాకీలను తూచాను.
జీనుతో సహా యాభై రెండు కిలోలు.
అంతకు మించితే గుర్రం దక్కదు.
ముల్లు ఆగాక అంకె రాయడం నా పని.
అంతే.

ఆ జూలై ఆదివారం (మాకు జూలై అంటే గడ్డకట్టే చలి)
విల్మార్ ఎచెగోయెన్ జీను పట్టుకుని కాటా ఎక్కాడు.
ముల్లు ఆగలేదు.
యాభై రెండుకి అటూ ఇటూ
ఈగ రెక్కలా కొట్టుకుంటూనే ఉంది.
"కదలకు" అన్నాను.
"కదలడం లేదు, దోన్యా ఎల్బా."
నిజమే. పాదాలు కదలడం లేదు.

సెనీసా అని బూడిదరంగు ఆడగుర్రం.
చలి మొదలైతే దాని ఊపిరిలో పిల్లికూతలు.
పశువైద్యుడు సిరప్ రాశాడు,
ఊపిరి గొట్టాలు విప్పే మందు,
నాలుగు వందల యాభై కిలోల ఒంటికి కొలిచిన మోతాదు.
అది తాగితే కొవ్వు కరుగుతుందని లాయంలో ఎవరో అన్నారు.
ఎవరన్నారో తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు.
విల్మార్ ఊపిరికి ఏ జబ్బూ లేదు.
మొదట్లో గుర్రం తాగగా మిగిలింది తాగేవాడు;
పోను పోను
అతను తాగగా మిగిలింది గుర్రానికి.

మేత నములుతూ నిలబడ్డ గుర్రం గుండె
నిమిషానికి ముప్పై రెండు సార్లు కొట్టుకుంటుందట.
బల్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న
పందొమ్మిదేళ్ళ కుర్రాడి గుండె
అప్పటికే ఆఖరి మలుపు తిరుగుతోంది,
రౌతు లేకుండా.

నాకేం తెలుసు, అన్నాను విచారణలో.
వేళ్ళ వణుకు తెలుసు.
మాతే తేనీరు అందిస్తే
సగం మోకాలి మీద ఒలకబోసుకున్నాడు.
రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని
నవ్వుతూనే చెప్పాడు.
చలి, అనుకున్నాను.
వణుకు రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.
ముల్లు ఊగే చోట నడిమి అంకె చూసి
యాభై రెండు అని రాసేశాను.

గుర్రం మీంచి పడలేదు అతను.
మూడోవాడుగా వచ్చాడు.
దిగాడు, సెనీసా మెడ నిమిరాడు,
జీను విప్పి చేతుల్లో పెట్టుకుని
రెండో తూకానికి నడిచొస్తూ
కాటాకి రెండడుగుల ఇవతల
మోకాళ్ళ మీద కూలాడు, ఏదో వెతుక్కుంటున్నట్టు.

జీను మాత్రం వచ్చి కాటా మీద పడింది.
ముల్లు ఊగింది,
ఊగి ఊగి రెండు కిలోల దగ్గర
కదలకుండా నిలబడింది.

నేను కలం అందుకున్నాను.
ఇరవై రెండేళ్ళ అలవాటు.