కోరం

మేం వచ్చేసరికే
బొగ్గు ధూళి వచ్చి కూచుంది.
పోర్టు వైపు కిటికీ ఎన్నిసార్లు మూసినా
హాజరుపట్టీ మీద మొదటి సంతకం దానిదే.
అరచేత్తో తుడిచి తేదీ వేశాను.

కురుపాం మార్కెట్ వెనక, పాత బియ్యం గోదాం మేడ.
పదకొండు సంఘాల సమాఖ్య మాది.
విత్తనాలు దాచేవాళ్లు, పెళ్లిళ్లలో మిగిలింది మోసేవాళ్లు,
కేజీహెచ్ గేటు దగ్గర రాత్రిపూట గంజి పోసేవాళ్లు,
మిద్దె మీద కాసిన ప్రతి బెండకాయకీ లెక్క రాసే
మర్రిపాలెం రిటైర్డు మాస్టార్లు.
ఏడుగురుంటే కోరం.
ఆరుగురున్నాం.

పాడేరు బస్సు ఘాట్‌లో ఆగిపోయిందట.
అధ్యక్షులు పెంటకోట భాస్కరనారాయణ గారు
గడియారం చూశారు, నన్ను చూశారు,
నియమావళి తొమ్మిదో పేజీ చూశారు.
నెలకు నాలుగు వందల బస్తాలిచ్చే మనిషి
ఇంకో మనిషి వచ్చేదాకా
ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూచున్నాడు.
నాకు ముచ్చటేసింది.
మినిట్స్‌లో అలాంటివి రాయకూడదు.

పోయినసారి టీ ఖర్చు మూడువందల నలభై.
కోరం లేకుండానే
దాని మీద ముప్పావుగంట పోట్లాడుకున్నాం.

కిల్లో సుబ్బలి వచ్చింది.
చెప్పులు మెట్ల మీదే వదిలి, భుజాన సంచి,
దారంతా కక్కుకున్న మొహం.
"బేగి కానీయండి,
నాలుగ్గంటల బస్సుకెళ్లిపోవాలి."

ఐదో అంశం:
ఇచ్చే సరుకును బట్టి ఓట్లు. వంద బస్తాలకొకటి.
పైకి చదువుతుంటే
నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది.
గరికిన నూకరత్నం లేచింది, హార్బరు ఎండుచేపల సంఘం.
"మాది బుట్టల లెక్క బాబూ.
బుట్టకెంత ఓటేటి?
తోకా, తలకాయా?"
అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

సుబ్బలి ఏమీ అనలేదు.
సంచిలోంచి చిన్న మూట తీసి
బల్ల మీద, బొగ్గు మీద,
గుప్పెడు సామలు పోసింది.
"మాయత్త దాసింది.
పిల్లలు ఆకలని ఏడిసిన ఏడు కూడా
దీన్ని వండలేదు.
ఇది ఎన్ని బస్తాలో సెప్పండి."

పైన ఫ్యాను.
గింజలు అటూ ఇటూ జరుగుతున్నాయి.
అందరం చూస్తున్నాం.
అధ్యక్షులవారే లేచి వెళ్లి
స్విచ్చి ఆపారు.

ఓటింగు పెట్టాం.
అనుకూలం మూడు, వ్యతిరేకం మూడు.
నిర్ణయించే ఓటు ఆయనది.
జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.
చెమటలు అందరికీ పడుతున్నాయి,
ఫ్యాను వెయ్యమని ఎవరూ అడగలేదు.
"వచ్చే సమావేశానికి వాయిదా," అన్నారు.
రాశాను.

ఇతర అంశాలు.
గాజువాక కల్యాణమండపంలో
రెండొందలమంది భోజనం మిగిలింది.
పన్నెండో నియమం ప్రకారం
ఎక్కడికి పంపాలో కమిటీ తేల్చాలి.
ఆసుపత్రికన్నారు ఒకరు, రైల్వే స్టేషనుకన్నారు ఒకరు,
పోయిన నెల వాళ్లకే ఇచ్చాం కదా అన్నారు మరొకరు.
షేక్ మెహరున్నీసా కాసేపు విని
మెల్లిగా చెప్పింది:
"కంచరపాలెం కూలీల షెడ్డుకి పంపేశానండి,
మీరు టీ బిల్లు మీదుండగా.
పులిహోర ఆగుద్ది. సాంబారు ఆగదు."

ఎలా రాయను?
రెండుసార్లు కొట్టేశాను.
'పంపిణీకి సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదం తెలిపిరి.'
ఏది ముందు, ఏది తర్వాత
అన్నది వదిలేశాను.

నాలుగూ పది.
బస్సు వెళ్లిపోయుంటుంది.
సుబ్బలి బల్ల మీద వంగి
నల్లబడిన గింజల్ని ఒక్కొక్కటే
మూటలోకి ఏరుతోంది.
నూకరత్నం అటువైపు నుంచి ఏరుతోంది.
అధ్యక్షులవారు కళ్లజోడు పెట్టుకుని,
నేల మీద పడ్డవాటి కోసం
బల్ల కిందికి దూరారు.

సమావేశం ముగిసిన సమయం:
ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.