మూడో నోటీసు

కంచెకు ఇటు ఆర్న్ ట్వెయిట్ గడ్డిభూమి,
అటు ప్రభుత్వానిది.
మోంటానా గాలికి, నాప్‌వీడ్ విత్తుకి
రెండూ ఒకటే మన్ను.

ముప్పై రోజుల్లో పీకించకపోతే
ఖర్చు పన్నులో కలుపుతామని
కౌంటీ కాగితం గేటుకి గుచ్చింది వెర్లా.
ముసలాయన కుర్చీలోంచి లేవలేదు.
"ముందు మీ రోడ్డుపక్క చూసుకోమ్మా" అన్నాడు,
అంతే.

నిజమే. మైలు పొడుగునా గట్టు ఊదాగా ఉంది.
నీలిరంగు మందు వీపున మోస్తూ
చీకటిపడేదాకా కొట్టింది.

ఇంటి దగ్గర, ట్రక్కు ఆపేచోట,
టైర్ల జాడల మధ్య
నేలకంటుకుని మూడు మొక్కలు.
ఆమె ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో
అన్నీ తెలిసినట్టు.

మోకాళ్ళమీద కూర్చుని
వేరు తెగకుండా లాగబోతే
రెండు వచ్చాయి. మూడోది తెగింది.
ఇవాళ్టి నుంచి ముప్పై,
తనక్కూడా.