తవ్వకు

యాప్రాల్‌లో మూడో అంతస్తు మీద
ట్యాంకు నీడ పడని మూల, తొమ్మిది పెయింటు బకెట్లు.
పగిలినదాంట్లో పుదీనా.
మిగతావన్నీ లౌక్యవి.
నాలుగేళ్ళ రైతు.
లేస్తూనే చెంచా పట్టుకుని
నిన్న పాతిన చిక్కుడు గింజని పైకి తీసి
ఊది, చూసి, "ఇంకా లేవలేదు" అని
దుప్పటి కప్పినట్టు మట్టి కప్పుతుంది.

"తవ్వితే రాదమ్మా."
"తవ్వకపోతే తెలీదుగా."

ఇవాళ నీళ్ళొచ్చే రోజు.
మోటరు మోగుతుండగానే
కిందింటి షాహీనా ఆంటీ ఇచ్చిన ఖమీర్ వేసి పిండి పిసికాం.
అంటే, నేను పిసికాను. తను గౌనుకి పూసుకుంది.
స్టీలు గిన్నె మీద తడిగుడ్డ.
ఐదు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి, వేలు గుచ్చి
"నాన్నా, ఊపిరి పీలుస్తోంది!"

ఆఫీసువాళ్ళు ఇక రావద్దని మూడు నెలలు.
పిట్టగోడ పక్కన కూచుని
ఫోన్ తెరుస్తాను, మూస్తాను,
తెరుస్తాను.
పిండి చేతుల్తో వచ్చి నా బొటనవేలు పట్టుకుంది.
"తవ్వకు నాన్నా."

బ్రెడ్డు ఓ పక్క పొంగింది, ఓ పక్క అలిగింది.
అడుగు మాడింది.
కోతుల కంట పడకుండా మిగిలిన ఒకే ఒక్క టమాటా
చక్రాలు కోసి, ఉప్పు చల్లి తిన్నాం.
సగం బ్రెడ్డు కిందికి పంపితే
పళ్ళెం ఖాళీగా రాలేదు,
కాగితం పొట్లంలో బెండ గింజలు.

రాత్రి ట్యాంకు నిండిందో లేదో చూద్దామని పైకెళ్తే
చిక్కుడు బకెట్లో చెంచా నిలువునా గుచ్చి ఉంది.
చుట్టుపక్కల ఎవరూ లేరు.
కొంచెమే,
తవ్వి చూశాను.