ధర చీటీలు

కుతాహ్యా ఊళ్లో ఇప్పుడు
రోజూ ఉండే పని ఒక్కటే,
ధరలు మార్చడం.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించాక
సెవిలాయ్ అరల ముందు గొంతుక్కూర్చుంటుంది.
నిన్న తనే అంటించిన చీటీని
గోటితో గీకుతుంది.
ఆలివ్ నూనె. శనగలు. పిల్లల పాలపొడి.
జున్ను డబ్బా దగ్గర గోరు ఆగిపోతుంది:
చీటీ మీద చీటీ మీద చీటీ,
ఉల్లిపాయలా పొరలు.

వాళ్ల నాన్న పింగాణీ పలకల మీద
తులిప్ పూలు వేసేవాడు,
వెంట్రుకంత కుంచెతో.
బట్టీ చల్లారి ఆరేళ్లు.
"నీకు నా చెయ్యే వచ్చిందే" అంటాడు ఇప్పటికీ.
వచ్చింది. అంకెలు వంకర పోవు.

ఈ కొలువుకి నలభై మంది వచ్చారు.
అందులో ఇంజనీరు ఓర్చున్
బస్టాండులో నువ్వుల రొట్టెలమ్ముతూ
రేపు పిండి ఎంతుంటుందని
ఆమెనే అడుగుతాడు,
వాన పడుతుందా అన్నట్టు.

జీతం మీద మాత్రం
ఇంకా జనవరి చీటీయే.

నిన్న ఒక టీపొడి పొట్లం
పాత ధరకే తనకని పక్కన పెట్టుకుంది.
మేనేజరు చూశాడు. ఏమీ అనలేదు.
కాసేపయ్యాక ఆమే లేచి
కొత్త చీటీ అంటించి
అరలో పెట్టేసింది,
అంకె గోడవైపు ఉండేలా.