క్రైం నంబరు ఎనభై నాలుగు

రికార్డు రూము తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.
ఇరవై ఏడేళ్లుగా దాన్నెవరూ అడగలేదు.
కార్తీకం ముసురులో ఒక పొద్దున
తడిగొడుగు గుమ్మానికి ఆనించి
ఎస్సై దయామణి అడిగింది:
"తెలియరాలేదని మూసేసిన కేసులన్నీ తియ్యండి హెడ్డుగారూ."

కొన్ని సాక్ష్యాలను ఎలుకలు తిన్నాయి,
కొన్ని సంతకాలను చెదలు.
ఎనభై నాలుగు బై తొంభై ఏడును మాత్రం
ఎందుకో ఏ పురుగూ ముట్టలేదు.

దూదేకుల కాశింబీ, వయస్సు ముప్పై ఒకటి.
మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కూలి,
నాలుగక్షరాలు వచ్చు గనక లెక్కలు కూడా.
ఆఖరుసారి చూసింది శనివారం, బట్వాడా నాడు,
కంభం రోడ్డులో,
చంకలో ఒక పలకతో.

కాగితం తిప్పుతున్న వేలు ఆగింది.
గుండ్రటి దస్తూరి. 'క్ష'కి వంకర తోక.
పొద్దున నేను రాసిన డ్యూటీ పట్టీలోనూ
అదే తోక.
ఆమె నన్ను చూడలేదు.
ఆమె టీ చల్లారింది, నాదీ చల్లారింది.

అప్పుడు నేను స్టేషను రైటర్ని.
ఇన్‌స్పెక్టరు చెబుతుంటే రాసేవాణ్ణి:
"మొగుడు లేని ఆడది, ఎవరితోనో పోయి ఉంటుంది."
బయట యజమాని జీపు, ఇంజను ఆపకుండా.
దాని పొగ వాసన
ఆ పేజీలో ఇప్పటికీ ఉందేమో, నాకైతే వస్తుంది.

కూతురికి ఏడేళ్లు.
నాలుగు నెలలు స్టేషను మెట్లమీద కూర్చుంది.
ఏమీ అడిగేది కాదు.
సాయంత్రం గంట కొట్టగానే
గౌను వెనక దులుపుకుని పోయేది.
తెల్లటి రాతిదుమ్ము, మెట్టుమీద రెండు అరచేతులంత.
దాన్ని ఊడ్చింది కూడా నేనే.

"పలక ఏమైంది?" అంది దయామణి.
ఇనప్పెట్టె అడుగున, గోనెపట్టాలో ఉంది.
నల్లగా, ఖాళీగా, ఒక మూల పెచ్చు లేచి.
కిటికీ దగ్గరికి తీసుకెళ్లి
చలికి అరచేతులు కాచుకున్నట్టు
దానిమీద నోటితో ఆవిరి ఊదింది.

లేచాయి.
నీళ్లలోంచి చేపల వీపులు లేచినట్టు
ఒక్కొక్క పేరూ:
గాలెయ్య, దగ్గు, మూడో నెల.
కోటమ్మ, దగ్గు, నెత్తురు.
పీరాసాహెబు, ఆమె మొగుడు, తారీఖు మాత్రమే.
పదకొండు పేర్లు. ఊపిరి ఆరగానే పదకొండూ మాయం.
ఆమె మళ్లీ ఊదింది.
దుమ్ము మింగి చచ్చినవాళ్లు
ఇంకొకరి ఊపిరి అప్పు తీసుకుని
కాసేపు నిలబడ్డారు.

"తుడవలేదా మీరు?"

తడిగుడ్డతో తుడవమన్నారమ్మా.
పొడిచేత్తో తుడిచాను.
నా నౌకరీ మొత్తంలో
నేను చేసిన ధైర్యం అంతే.

తర్లుపాడు దారిలో పాడుబడిన గని.
మూడు రాత్రులు ఆయిలింజను నీళ్లు తోడింది.
పచ్చటి నీరు జానెడు జానెడు దిగుతుంటే
రాతి పొరలు బయటపడ్డాయి,
ఎవరూ చదవని పుస్తకం అంచులా.
గిద్దలూరు ఆసుపత్రి నుంచి నర్సు యూనిఫారంలోనే
కూతురు వచ్చింది.
గట్టుమీద కూర్చుంది, అదే కూర్చోవడం.
నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు.
నేను మాత్రం ఆమె లేచేదాకా నిలబడే ఉన్నాను.

అడుగున ఏం దొరికిందో
పంచనామాలో రాశారు. ఇక్కడ రాయను.
గాజులు మట్టివి కావు గనక మిగిలాయి, అంత చాలు.
యజమాని పోయి తొమ్మిదేళ్లు,
ఇన్‌స్పెక్టరు పక్షవాతంతో ఒంగోల్లో.
ఎవర్ని పట్టుకోవాలో
ఆ వానకే తెలియాలి.

రాత్రి స్టేషన్లో దయామణి
ఒక తెల్లకాగితం నావైపు జరిపింది.
"మీరే రాయండి. దస్తూరి బాగుంటుంది."
ఎగతాళి కాదు, జాలి కూడా కాదు.

పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను.
ఆ తర్వాత, సాక్షి అని రాయబోయి
'క్ష' తోక దగ్గర కలం ఆగింది.
బయట మెట్లమీద ముసురు.
ఆమె తొందరపెట్టలేదు.