ఊటీ అని చెప్పి

ఊటీ అని చెప్పి కంభం తీసుకొచ్చాడు మా ఆయన,
పెళ్లయిన మూడో నెల, పలకల ఫ్యాక్టరీకి సెలవు రోజున.
మార్కాపురం రోడ్డులో ప్యాసింజరెక్కితే
తర్లుపాడు దాటగానే దిగమన్నాడు.
"ఇంత దగ్గరా ఊటీ?" అన్నాను.
"చలికాలం కదా, ముడుచుకుంది" అన్నాడు.

అబద్ధమాడితే చెవులు కందిపోతాయి ఆదెయ్యకి.
(మొగుడి పేరు చెప్పకూడదంటారు, చెప్పేశాను.)

జట్కా దిగి కట్టెక్కాక
తిట్టాలనుకున్నవన్నీ మరిచిపోయాను.
రెండు కొండలు చెరో పక్కా నిలబడి
నడుమ ఇంత గోడను పట్టుకున్నాయి,
దానవతల కంటికి ఆననన్ని నీళ్లు.
ఎవరో రాణి కట్టించిందంట.
గుండ్లకమ్మను కాసేపు కూచోమనిందంట.
కూచుంది.

పాత బంగళా అరుగు మీద సద్ది విప్పాం:
జొన్నరొట్టె, గోంగూర, రెండు ఎర్రగడ్డలు.
దొరలు కూచున్న చోటు, లేవమన్నాడు వాచ్‌మన్.
"దొరలు లేచి నలభై ఏళ్లయిందన్నా,
నువ్వింకా లేవలేదేంది?"
ఆ మాటకి వాచ్‌మనే నవ్వి
మా రొట్టెలో సగం తిన్నాడు.

ఖాదర్‌వలి పుట్టిలో మనిషికి రూపాయి.
పుట్టి తిరుగుతుంటే నల్లమల తిరిగింది,
నా కడుపులో గోంగూరా తిరిగింది.

బజార్లో ఫోటో స్టూడియో.
పరదా మీద ఊటీ: నీలం చెరువు, తెల్ల పడవ, కింద చిరుగు.
"తీసుకొచ్చానా లేదా?" అన్నాడు.
నవ్వాపుకోలేక ఫోటోలో నా మొహం చెదిరిపోయింది.
ఇప్పటికీ గోడ మీద అట్లాగే ఉంది.

నిరుడు వానలకి చెరువు అలుగు పారుతోందంటే
నేనే తీసుకెళ్లాను.
కట్టెక్కడానికి మూడుచోట్ల ఆగాడు.
ముప్పై ఏళ్ల పలక దుమ్ము లోపలే ఉంది మరి.
"నీళ్లు పలకలా ఉన్నాయి మామా" అని
ఎవరో పిల్లోడు ఫోన్లో చెబుతున్నాడు.
పలక సంగతి మాకు తెలుసు.
నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

కొండల కేసి చూస్తూ చాలాసేపు దగ్గలేదు ఆదెయ్య.
తర్వాత అన్నాడు,
"నిజం ఊటీ చూపించలేకపోయాను."
చెవుల వంక చూశాను. కందలేదు.

"నాకెప్పుడుందిలే ఆ ఆశ" అన్నాను,
కొంగు చెవుల మీదికి లాక్కుంటూ.
గాలి ఎక్కువగా ఉంది అక్కడ.

సాయంత్రం రైలు తప్పిపోయింది.
బస్సులో నిలబడి వచ్చాం.